రోగి చెప్పింది, చీటీకెక్కింది

ఆమె అంబర్‌పేట్‌లో చాలా ఏళ్లుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు. ఆయన భాషాశాస్త్రం చెప్పి రిటైరై తార్నాకలో ఉంటున్న ప్రొఫెసరు. ఆమె తండ్రికి స్నేహితుడు, ఇప్పుడు ఆమెకు పేషంటు. పొద్దుటి నడకకు ఇద్దరూ ఉస్మానియా క్యాంపస్‌కే వస్తారు. ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య నడిచిన వాదన ఇది. డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటే విని, దాన్ని కుదించి కేసు షీటుగా రాసిపెట్టే ఏఐ కావాలా వద్దా అన్నది విషయం. ఇలాంటి వాదనలో డాక్టరు కావాలంటారని, భాష మనిషి వద్దంటారని అనుకుంటాం. ఇక్కడ అటుదిటు అయింది. పేర్లు రాయొద్దని ఇద్దరూ అన్నారు.

డాక్టరు: నిన్న ఓపీ అయ్యాక ఒక కంపెనీ అబ్బాయి వచ్చాడు సార్. బల్ల మీద ఫోన్ పెట్టి వదిలేస్తే చాలు, మిగతాది ఏఐ చూసుకుంటుందన్నాడు. పేషంటు తెలుగులో చెప్పినా హిందీలో చెప్పినా వింటుందట. వాళ్లు లేచి తలుపు దాటేలోపు బాధేమిటి, ఎన్నాళ్ల నుంచి, పాత జబ్బులేమిటి, నేనేం చూశాను, ఏం మందులు రాశాను, అన్నీ ఇంగ్లిష్‌లో వరసగా సర్ది ఇస్తుందట. వద్దని పంపేశాను.

ప్రొఫెసరు: ఎందుకు పంపినవ్ బిడ్డా? నాకు కావాలె అది.

డాక్టరు: అది అమెరికా డాక్టర్ల బాధకు చేసిన మందు సార్. 2016లో అక్కడ ఒక అధ్యయనం వచ్చింది. పేషంటుతో ముఖాముఖి గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్‌లో ఎక్కించడానికి, కాగితం పనికి పోతున్నాయని తేలింది. ఇంటికి వెళ్లి పిల్లలు పడుకున్నాక కూడా టైపు చేస్తుంటారు. అందుకే కాలిఫోర్నియాలో పర్మనెంటె మెడికల్ గ్రూప్ 2023 అక్టోబరులో ఈ వినే ఏఐని తన డాక్టర్లకు ఇస్తే, పది వారాల్లోనే 3,442 మంది మూడు లక్షలకు పైగా సందర్శనల్లో వాడారు. వాళ్లకది ఊపిరి. నాకు ఆ టైపు బాధే లేదు కదా. ఓపీ చీటీ మీద నాలుగు లైన్లు రాస్తాను, అయిపోతుంది.

ప్రొఫెసరు: ఆ నాలుగు లైన్ల గురించే చెప్తున్న. మొన్న నీ దగ్గరికొచ్చి ఎంత చెప్పుకున్న? రాత్రిళ్లు కాళ్లు మంటలు, పొద్దున లేస్తే తల తిరుగుడు, కొత్త గోలీ వేసుకున్నప్పటి నుంచి నోరు చేదు. నువ్వు ఓపిగ్గానే విన్నవ్. ఇంటికి పోయి చీటీ చూసుకుంటే సీఎస్‌టీ అని మూడక్షరాలున్నయ్. పాత మందులే వాడమని అర్థమట. నా మాటలన్నీ ఎటు పోయినయ్? వచ్చే నెల నువ్వు ఊళ్లో లేకుంటే ఇంకో డాక్టరు ఆ మూడక్షరాలు చూసి నా గురించి ఏం తెలుసుకుంటడు?

డాక్టరు: నాకు గుర్తుంటాయి.

ప్రొఫెసరు: నేను మీ నాయన దోస్తును, అందుకని గుర్తుంటయ్. నా వెనక టోకెన్ పట్టుకున్న మేస్త్రీవి గుర్తుంటయా? ఇండియన్ మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు నువ్వే నాకు చెప్పినవ్. ఆసుపత్రిలో చేరినోళ్ల రికార్డులు మూడేళ్లు ఉంచాలె, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలె. ఓపీకి వచ్చినోళ్ల సంగతి? మన దిక్కు మనుషులకు ఆసుపత్రి అంటేనే ఓపీ. వాళ్ల ఆరోగ్య చరిత్ర అంతా ఒక పాలిథిన్ కవర్లో ఉంటది. మడతలు పడి, తడిసి, నలుగురు డాక్టర్ల చేతిరాతల్లో.

ఆ కవర్ అంబర్‌పేట్‌లో డాక్టరు దగ్గరికి వచ్చే ఏ ఇంట్లోనైనా కనబడుతుంది. బీరువాలో పెట్టెల కింద పదిలంగా దాస్తారు, డాక్టరు ముందు భక్తిగా బోర్లిస్తారు. అందులో రోగి చెప్పుకున్న మాట మాత్రం ఒక్కటీ ఉండదు. ప్రొఫెసరు ఇక్కడ సరైన చోటే పట్టుకున్నారని నాకనిపించింది.

డాక్టరు: ఒప్పుకుంటాను. కానీ ఆ లోటు రాయడంలో లేదు సార్, టైములో ఉంది. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో 67 దేశాల లెక్కలు వేశారు. డాక్టరు ఒక్కో పేషంటుతో గడిపే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలకు పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మనది సుమారు రెండు నిమిషాలు. రెండు నిమిషాల మాటను కుదిస్తే ఏం మిగులుతుంది? పోనీ నాకు టైం మిగిలిందే అనుకోండి. అపోలో ఆసుపత్రులు 2025 మార్చిలో ఏఐ మీద ఇంకా ఖర్చు పెడతామని, డాక్టర్లకు, నర్సులకు రోజుకు రెండు మూడు గంటలు మిగల్చడమే లక్ష్యమని చెప్పాయి. మంచి లక్ష్యమే. ఎక్కడైనా సరే, ఆ మిగిలిన గంటలు ఉన్న పేషంటుకే దక్కుతాయా, ఇంకో పాతిక టోకెన్లకు పోతాయా? యంత్రం ఆ సంగతి తేల్చదు.

ప్రొఫెసరు: యంత్రం తేల్చదు, నువ్వు తేల్చాలె. ఇంకో లెక్క చెప్తా విను. 1984లో అమెరికాలో డాక్టర్ల గదుల్లో రికార్డు చేసి చూస్తే, పేషంటు మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డం పడుతున్నడని తేలింది. ఎందుకు పడతడు? చేతిలో పెన్ను ఉన్నది, చీటీలో గడి ఖాళీగా ఉన్నది, నింపాలె. ఆ పెన్ను పక్కన పెడితే నువ్వు తల ఎత్తి చూస్తవ్. నేను అడిగేది అంతే.

డాక్టరు: తల ఎత్తి చూడటం గురించే నేనూ చెప్పేది. మొన్న ఒక పెద్దమ్మను తీసుకొచ్చారు. కొడుకు, కోడలు, పక్కింటావిడ. ఏమైందమ్మా అంటే ఆమె నోరు తెరవకముందే కొడుకు, గ్యాస్ మేడమ్, రాత్రి తిన్నది అరగలేదు అన్నాడు. నేను ఆమె వైపే చూస్తూ ఊరుకున్నాను. కాసేపటికి, ‘మెట్లెక్కితే దమ్మొస్తది బిడ్డా, ఎదల పట్టినట్టయితది’ అంది. కొడుకు మళ్లీ అందుకుని, ఏం లేదు మేడమ్, ఊకె రంది పెట్టుకుంటది అన్నాడు. ఈసీజీ తీయిస్తే గుండె కథ వేరే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఫోన్ ఏం రాసేది? అజీర్తి, ఆందోళన ఉన్నాయని రోగి చెబుతోంది అని రాసేది. గదిలో ఎక్కువ మాటలు కొడుకువే కదా.

ప్రొఫెసరు: ఎవరి గొంతు ఎవరిదో విడదీస్తయ్ ఇప్పుడు.

డాక్టరు: ప్రశాంతంగా ఉన్న గదిలో విడదీస్తాయేమో. నా గదిలో ఫ్యాను, బయట ఆటోలు, నలుగురు ఒకేసారి. ఒకరు తెలంగాణ తెలుగు, ఒకరు దక్కనీ ఉర్దూ, నేను మధ్యలో ఇంగ్లిష్ ముక్కలు. ఇంకో సంగతి. దగ్గుతో వచ్చినవాణ్ని నెత్తురు పడుతుందా అంటే, లేదంటాడు. స్టెతస్కోపు పెట్టి వీపు మీద తట్టాక, మొన్నొక్కసారి పడ్డది అంటాడు. మొదటి మాట అబద్ధం కాదు, భయం. రెండో మాటకు టీబీ పరీక్ష రాయాలి. కుదించేదానికి ఆ రెండింట్లో ఏది ముఖ్యమో ఎవరు చెప్పాలి? ‘లేదు’ స్పష్టంగా వినబడింది, రెండోది గొణిగాడు.

ప్రొఫెసరు జవాబు చెప్పకుండా కాసేపు ఊరుకున్నారు. నాకైతే ఈ సంవాదం మొత్తంలో బరువైన మాట ఇదే. కుదింపు అంటే ఎన్నిక. గట్టిగా, పూర్తి వాక్యంగా, మొదట చెప్పినవాడికి అందులో ఓట్లు ఎక్కువ పడతాయి. మన ఇళ్లలో జబ్బుపడ్డ ఆడమనిషి, ముసలి మనిషి, పనిమనిషి ఏనాడూ గట్టిగా, ముందుగా చెప్పినవాళ్లు కారు.

డాక్టరు: గొణుగుడు కన్నా మౌనం ఇంకా కష్టం. ఓపెన్‌ఏఐ 2022లో తెచ్చిన విస్పర్ అనే, మాటను రాతగా మార్చే పరికరాన్ని 2024లో కొందరు పరిశోధకులు పరీక్షించారు. ఇచ్చిన ఆడియో ముక్కల్లో సుమారు ఒక శాతంలో ఎవరూ అనని వాక్యాలు మొత్తానికి మొత్తంగా పుట్టుకొచ్చాయి. వాటిలో మూడో వంతుకు పైగా హాని చేసేవే. లేని హింస, లేని మనుషులు. మెదడు దెబ్బతిని మాట తడబడేవాళ్ల ముక్కల్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్లు మాట మాటకూ ఆగుతారు. ఆగినచోట యంత్రం తన మాట పెట్టేసింది. నా పేషంట్లు ఆగుతారు సార్. ఇంట్లో ఎవరన్నా కొడతారా అంటే ఆగుతారు. తాగుడు మానేశారా అంటే ఆగుతారు. ఆ ఆగడాన్ని నేను చదువుకుంటాను.

ప్రొఫెసరు: చదువుకుని చీటీ మీద రాస్తవా?

డాక్టరు: రాయను.

ప్రొఫెసరు: మరి? నువ్వు చదువుకున్నది నీతోనే ఉంటది. బిడ్డా, నేను యంత్రానికి వకాల్తా పుచ్చుకోలేదు. నా భయం వేరే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయం మాటలు. తర్వాత చేనేత. ఊరూరు తిరిగి రైతు ఏమంటడో, సాలె మనిషి ఏమంటడో అదే రాసుకున్నరు. అంతకుముందు ఆ మాటలు లేవా? ఉన్నయ్, పుస్తకంలో లేవు. పుస్తకంలో లేని మాటను చదువుకున్నోడు తప్పనుకుంటడు. ఇప్పుడు ఈ ఏఐ కూడా అంతే. నువ్వు వద్దంటే అది రాకుండ ఆగదు. అంబర్‌పేట్ గొంతు వినకుండనే వస్తది. పెద్ద ఆసుపత్రుల్లో ఇంగ్లిష్ కలిపి మాట్లాడేటోళ్ల మీద నేర్చుకుని, ఆనక ఎదల పట్టినట్టున్నదన్న ముసలమ్మను గ్యాస్ కింద రాస్తది. నువ్వు చెప్పిన తప్పు నీ పట్టుదల వల్లనే ఖాయమైతది.

డాక్టరు: అంటే నా పేషంట్లు ఉచితంగా దానికి పాఠాలు చెప్పాలా? వాళ్ల రోగం వాళ్ల గొంతుతో ఎక్కడికో వెళ్లాలా? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతి తీసుకోమంటుంది. అడిగే మాట సులువుగా ఉండాలి, ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలో కావాలన్నా దొరకాలి, అంటే తెలుగులోనూ. సరే. జ్వరంతో వణుకుతున్నవాడు నా ఎదురుగా కూర్చుని, నేను మందు రాయబోతుంటే, ఒప్పుకోను అంటాడా? నేను అడిగితే ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తాడు. దాన్ని అనుమతి అనడానికి నాకు మనసు రాదు.

ప్రొఫెసరు: అది నిజమే. నువ్వు కాకుండ, డాక్టరు కాని మనిషి, బయట అడగాలె. వద్దన్నోడికి కూడా అదే వైద్యం అందుతదని ముందే చెప్పాలె.

డాక్టరు: సరే, అనుమతి ఇచ్చాడే అనుకుందాం. అప్పుడైనా సారాంశాన్ని నమ్మొచ్చా? మన ఊరి కథే చెబుతాను. క్లోరోఫామ్ కమిషన్.

ప్రొఫెసరు: ఎడ్వర్డ్ లారీ.

డాక్టరు: ఆయనే. మా మెడికల్ కాలేజీ అప్పట్లో మెడికల్ స్కూలు, దానికి ఆయన ప్రిన్సిపాల్. మత్తుకు క్లోరోఫామ్ ఇస్తే మనుషులు చచ్చిపోతున్నారు, గుండె ఆగా, ఊపిరి ఆగా అని గొడవ. 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది. ఆరో నిజాం డబ్బిచ్చాడు, లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి తేల్చిన మాట ఒక్కటే, గుండెకు భయం లేదు, ఊపిరి చూసుకోండి. ఆ ఒక్క వాక్యం ప్రపంచమంతా తిరిగింది. 1911లో లెవీ అనే ఆయన లండన్‌లో చూపించాడు, మత్తు పైపైన ఉండి, జంతువు బెదిరిన స్థితిలో ఉంటే గుండే లయ తప్పి ఆగిపోతుందని. హైదరాబాద్‌లో ఎక్కువగా మత్తు ముదిరేదాకా ఇచ్చి చూశారు. అక్కడ నిజంగానే ముందు ఊపిరే ఆగింది. వాళ్లు చూసింది అబద్ధం కాదు. తేల్చిన మాట సముద్రాలు దాటింది, ఏ స్థితిలో తేల్చారో అది దాటలేదు. సారాంశానికి నేను భయపడేది అందుకే.

ప్రొఫెసరు: మంచి కథ చెప్పినవ్, కానీ అది నా దిక్కు మాట్లాడుతున్నది. మూలం ఉంచాలె అని కద దాని అర్థం? సారాంశంతో పాటు ఆడియో దాచు. అనుమానం వచ్చినోడు వెనక్కి పోయి వింటడు.

డాక్టరు: అయ్యో, అది అసలే వద్దు. నా గదిలో ఏమేం మాట్లాడతారో మీకు తెలియదు సార్. పెళ్లికాని పిల్ల నెల తప్పిందని చెబుతుంది. భార్యకు తెలియకుండా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నానని ఒకడు చెబుతాడు. చీటీ పోతే చీటీ, గొంతు బయటికి పోతే మనిషే బయటపడతాడు. విస్పర్ ఆధారంగా డాక్టర్లకు పరికరం చేసిన నాబ్లా కంపెనీ అసలు ఆడియోను చెరిపేస్తుందని 2024 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. డేటా భద్రత కోసమేనని కంపెనీ చెప్పింది. నాకది సబబుగానే ఉంది.

ప్రొఫెసరు: సబబు ఎట్ల? చెరిపినంక తప్పు రాసిందో ఒప్పు రాసిందో ఎవరు చూస్తరు? దాచితే రోగి పరువు పోతదంటవ్. చెరిపితే ప్రాణానికి పూచీ ఎవరు?

ఈ ముడి దగ్గర వాళ్లు చాలాసేపు ఆగారు. నేను చదివినంతలో ఈ పరికరాలు చేసేవాళ్లు, కొనేవాళ్లు కూడా ఇక్కడే చిక్కుకుని ఉన్నారు. గోప్యత కోరేవాళ్లు చెరపమంటారు, కచ్చితత్వం కోరేవాళ్లు ఉంచమంటారు, ఇద్దరూ రోగి పేరే చెబుతారు. యంత్రం రాసిన మాట సరిగ్గా ఉందో లేదో తెలిసిన ఒకే ఒక మనిషి, ఆ రోగి, అప్పుడింకా గదిలోనే కూర్చుని ఉంటాడు. అతన్ని అడగడం ఎవరికీ తోచదు. ప్రొఫెసరు నోటి నుంచి అది రావడం నాకు సంతోషం కలిగించింది.

ప్రొఫెసరు: మా తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది కద. వాళ్ల సర్వేలో ఇంటింటికి పోయి నిన్నటి తిండి గురించి అడుగుతరు. ఒక గిన్నె తిన్నమంటే అట్లనే రాసుకుని రారు. కొలత గిన్నెలు ముందు పెట్టి ఇదా, ఇదా అని చూపిస్తరు. చెప్పినోడి ముందరే ఖాయం చేసుకుంటరు. నీ దగ్గర కూడా అట్ల చెయ్యి. యంత్రం రాసింది ముందు తెలుగులో రోగికి చదివి వినిపించు. నేను ఇట్ల చెప్పలే అంటే అక్కడికక్కడ దిద్దు. దిద్దినంక ఆడియో చెరిపెయ్యి, నాకేం అభ్యంతరం లేదు... కాదు, కొంచెం ఉన్నది, తర్వాత చెప్త.

డాక్టరు: వినిపిస్తే ఏమంటారో తెలుసా? ‘ఆఁ’ అంటారు. మన పెద్దవాళ్లు వింటున్నామని చెప్పడానికి ‘ఆఁ’ అంటారు, ఒప్పుకున్నామని కాదు. మందులు వేసుకుంటున్నారా అంటే ‘ఆఁ’. రెండు పూటలా అంటే ‘ఆఁ’. గోలీలు లెక్కపెట్టి చూస్తే సగానికి సగం డబ్బాలోనే ఉంటాయి.

ప్రొఫెసరు: సరేనా అని అడిగితే ‘ఆఁ’ అనే అంటరు. ఇందులో తప్పేమున్నదని అడుగు. లేకుంటే, డాక్టరమ్మకు ఏం చెప్పినవో నువ్వే ఒకసారి చెప్పమను. కొడుకును బయట కూచోబెట్టు. ముసలమ్మ ఒక్కతే విననీ.

డాక్టరు: రోజుకు అరవై మంది సార్. ఒక్కొక్కరికి రెండు నిమిషాలంటే రెండు గంటలు. ఎవరు కూర్చుంటారు? మా నర్సు బీపీ చూడాలా, ఇంజెక్షన్ చేయాలా, ఇది చదవాలా? మందుల షాపు లైన్లో నిలబెట్టి ఫోన్‌లో వినిపించలేను, పక్కవాడు వింటాడు.

ప్రొఫెసరు: యంత్రం నీకు మిగిల్చే టైం ఉన్నది కద, అది దీనికే పెట్టు. ఇంకో పాతిక టోకెన్లకు కాదు. ఇందాక నువ్వే అడిగినవ్, మిగిలిన గంటలు ఎవరికని.

డాక్టరు: ...అది మంచి మాటే. కానీ ఆ కంపెనీ అబ్బాయి దగ్గర తెలుగు కాపీ లేదు. తెలుగు వింటుంది, ఇంగ్లిష్ రాస్తుంది. ఇందాకటి డేటా రక్షణ చట్టంలో తప్పు దిద్దించుకునే హక్కు ఉంది, 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి. ఇంగ్లిష్ రాని మనిషికి తన కాగితంలో తప్పుందని ఎలా తెలుస్తుంది? తెలియని తప్పును ఏ హక్కుతో దిద్దించుకుంటాడు? రేపు కేసు అయితే కోర్టులో ఆ ఇంగ్లిష్ కాగితమే నిలబడుతుంది, నా సంతకంతో. అందులో రాసింది అతను అనలేదు, నేను వినలేదు, మా ఇద్దరి పేర్లూ ఉంటాయి.

ప్రొఫెసరు: అయితే ఆ పిల్లగాణ్ని మళ్ల పిలువు. వద్దని పంపేసుడు కాదు, ఇవి చేసుకుని రమ్మను. తెలుగు ప్రతి ముందు, ఇంగ్లిష్ తర్వాత. ప్రతి వాక్యం ఎవరన్నరో పక్కన ఉండాలె, రోగా, కొడుకా అని. వినబడనిది వినబడలేదని రాయాలె. జవాబు రానిచోట జవాబు రాలేదని రాయాలె, నింపొద్దు.

డాక్టరు: ‘లేదు’ తర్వాత ‘ఒక్కసారి’ అంటే రెండూ ఉండాలి. రెంటినీ కలిపి ఒకటి చేయకూడదు.

ప్రొఫెసరు: ఉండాలె. ఇప్పుడు నా అభ్యంతరం చెప్త. ఒప్పుకున్నోళ్ల ఆడియో కొంత, పేరూ ఊరూ తీసేసి, పరిశోధనకు ఉంచాలె. జబ్బుల గురించి మన జనం ఏమంటరో ఒక పదకోశమే చెయ్యొచ్చు. వాళ్ల మాటకు నిఘంటువులో చోటు దొరికితే యంత్రానికీ నేర్పొచ్చు, కొత్త డాక్టర్లకూ నేర్పొచ్చు.

డాక్టరు: గొంతు నుంచి పేరు తీసేయడం మీరనుకున్నంత సులువు కాదు. మాటలు రాసుకోండి, గొంతు చెరిపేయండి. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

ప్రొఫెసరు: మాటలో సగం గొంతులోనే ఉంటది బిడ్డా. ఆగిన చోటు కాగితం మీద ఎట్ల రాస్తవ్?

డాక్టరు: తెలియదు. కానీ నెల తప్పిందని చెప్పిన ఆ అమ్మాయి గొంతు ఇంకొకరి కంప్యూటర్‌లో ఉండటం కన్నా ఆ సగం పోవడం నయం.

ప్రొఫెసరు: ఇక్కడ మనకు పొసగదు.

డాక్టరు: పొసగదు.

ప్రొఫెసరు: సరే, యంత్రం సంగతి తర్వాత. గురువారం నేను చెకప్‌కు వస్తున్న. ఆ రోజు సీఎస్‌టీ రాసేముందు, నేనేం చెప్పిన్నో నువ్వే నాకు ఒకసారి చెప్పు. తప్పుంటే దిద్దుతా.

డాక్టరు: చెబుతాను. కానీ తొమ్మిదింటికే వచ్చి మొదటి టోకెన్ తీసుకోండి సార్. పదకొండు దాటితే నావల్ల కాదు.